ఆగితే దక్కుతుందన్న నమ్మకం పోయినప్పుడు

ఈ ఉత్తరం రాసిన పాఠకుడి వయసు 32. పేరు వేయొద్దని కోరారు. ఉద్యోగం స్థిరమైనదే, జీతం కూడా బాగానే వస్తోంది. పెళ్ళయి మూడేళ్ళయింది, పిల్లలు ఇంకా లేరు. "నాకు ఆగడం చేతకాదండీ" అంటూ ఉత్తరం మొదలుపెట్టారు. జీతం పడిన వారంలోపే ఫోన్‌లో ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేస్తారట. హెడ్‌ఫోన్లు, బూట్లు, వాచీ, కొత్త మోడల్ ఫోన్. డబ్బు చేతిలో లేకపోతే వాయిదాలు ఉండనే ఉన్నాయి. ప్రస్తుతం అలాంటివి నాలుగు నడుస్తున్నాయి, జీతంలో దాదాపు నాలుగో వంతు వాటికే పోతోంది. ఆర్డర్ పెట్టిన రాత్రి చాలా హుషారుగా ఉంటుందని, వస్తువు ఇంటికొచ్చాక రెండు రోజుల్లో దాని సంగతే మర్చిపోతానని రాశారు. రెండు పెట్టెలైతే ఇంకా విప్పనే లేదట.

ఆయన భార్య తీరు దీనికి పూర్తిగా భిన్నం. కావలసింది ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటారు, నెలల తరబడి ఆగుతారు, డబ్బంతా కూడాకే కొంటారు. పోయిన నెల వాయిదాల లెక్క బయటపడి ఇద్దరి మధ్యా పెద్ద గొడవైంది. "మీకంటే చిన్నపిల్లలు నయం. కార్డులన్నీ నాకిచ్చేయండి" అన్నారట ఆవిడ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోందని రాశారు.

ఆగే ప్రయత్నం చేయలేదా అంటే, చేశారు. పెళ్ళికి ముందు ఒక కెమెరా కోసం ఏడు నెలలు డబ్బు దాచారు. ఇంకో నెలలో కొనాల్సి ఉండగా తమ్ముడి కాలేజీ ఫీజు వచ్చి పడింది, దాచిందంతా అటు వెళ్ళింది. మళ్ళీ మొదటినుంచి దాచారు. ఈసారి తల్లిదండ్రుల ఇంటి మరమ్మతులకు పోయింది. కెమెరా ఇప్పటికీ రాలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, చిన్నప్పుడు మంచి మార్కులు తెచ్చుకుంటే సైకిల్ కొనిపెడతామన్నారు. మార్కులు వచ్చాయి, సైకిల్ రాలేదు. "ఆగినవాడికి ఏం మిగిలిందో మీరే చెప్పండి. కంటికి కనిపించినప్పుడు కొనేసుకున్నవే నాకు దక్కాయి. అలాగని ఈ అప్పులు చూస్తే భయమేస్తోంది. నాకు మనోబలం లేదా? కార్డులు ఆమె చేతిలో పెట్టేయమంటారా?" అని అడిగారు.

జవాబు:

ముందు మీ మనోబలం సంగతి మాట్లాడుకుందాం. ఒక వస్తువు కోసం ఏడు నెలలు దాచి, ఆ డబ్బు చెయ్యి దాటిపోయాక మళ్ళీ మొదటినుంచి దాచడం మొదలుపెట్టిన మనిషికి ఆగడం చేతకాదని నేనెలా అనుకుంటాను? ఆగడం మీకు వచ్చు. ఆగితే దక్కుతుందన్న నమ్మకమే మీకు పోయింది. బయటినుంచి చూస్తే ఈ రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే మీ భార్యా, మీరూ కూడా మీ స్వభావంలోనే లోపం ఉందని తేల్చేసుకున్నారు. లోపం ఎక్కడుందో సరిగ్గా గుర్తించకపోతే, వేసే మందు కూడా పనిచేయదు.

ఆగే గుణం గురించి మాట వస్తే అందరూ ఒక ప్రయోగం గురించి చెబుతారు. 1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, తాను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తానని చెప్పి బయటికి వెళ్ళేవారు. ఎక్కువసేపు ఆగిన పిల్లలు పెరిగాక చదువులో మెరుగ్గా ఉన్నారని తర్వాతి ఏళ్ళలో ఆయన బృందం చెప్పింది. దాంతో, ఆగగలిగినవాడే బాగుపడతాడని, ఆగలేనివాడు పనికిరాడని ప్రచారం మొదలైంది. 2018లో టైలర్ వాట్స్ బృందం దాదాపు 900 మంది పిల్లల వివరాలతో ఇదే విషయాన్ని మళ్ళీ పరిశీలించింది. ఆ సంబంధం మొదట చెప్పినదాంట్లో సగమే కనిపించింది. పిల్లల ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకున్నాక అది ఇంకా బాగా తగ్గిపోయింది.

మీకు దీనికంటే ముఖ్యమైన ప్రయోగం ఇంకొకటి ఉంది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్ బృందం చేసింది, 2013లో అచ్చయింది. మిఠాయి పరీక్షకు ముందు 28 మంది పిల్లలకు బొమ్మలు వేసుకోవడానికి పాత రంగులు ఇచ్చి, కాసేపు ఆగితే మంచివి తెచ్చిస్తామన్నారు. సగం మందికి చెప్పినట్టే తెచ్చిచ్చారు. మిగతా సగం మంది దగ్గరికి "అయ్యో, లేవమ్మా" అని చేతులు ఊపుకుంటూ వచ్చారు. ఆ తర్వాత పెట్టారు మిఠాయి పరీక్ష. మాట నిలబెట్టుకున్న పెద్దల్ని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దల్ని చూసినవాళ్ళు మూడు నిమిషాలే ఆగారు. ఆ మూడు నిమిషాల పిల్లల్ని మనోబలం లేనివాళ్ళని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. వాళ్ళు కళ్ళారా చూసినదాన్నిబట్టి తెలివిగానే నడుచుకున్నారు. సైకిల్ దగ్గర ఒకసారి, కెమెరా దగ్గర రెండుసార్లు మీరు నేర్చుకున్నదీ అదే పాఠం.

మీ ఇంట్లోవాళ్ళని దోషుల్ని చేయడం నా ఉద్దేశం కాదు. తమ్ముడి ఫీజు కట్టడం మంచి పనే. ఇప్పుడు అడిగినా మళ్ళీ కడతానని మీరే రాశారు. ఇబ్బంది వచ్చింది వేరే రెండు చోట్ల. కెమెరా డబ్బు, ఇంటి అవసరాల డబ్బు, ఖర్చుల డబ్బు అంతా ఒకే ఖాతాలో ఉండేది. అందువల్ల మీరు దాచింది అందరి కంటికీ "మిగిలి ఉన్న డబ్బు"లాగా కనిపించింది. రెండోది ఇంకా ముఖ్యం: ఆ డబ్బు వెళ్ళిపోయాక దాన్ని తిరిగి అక్కడ పెట్టాలన్న మాట ఎవరి నోటినుంచీ రాలేదు. మీరు కూడా అడగలేదు. అడిగి ఉంటే పెద్దగా తిరిగి వచ్చేది కాదేమో. కానీ, అది మీ కెమెరా డబ్బని, మీరు దాన్ని వదులుకున్నారని కనీసం ఒక్కరికైనా తెలిసి ఉండేది.

ఇంకో సంగతి కూడా సూటిగానే చెప్పాలి. చిన్నప్పుడు మాట తప్పింది పెద్దవాళ్ళు. ఇప్పుడు ఆ పని మీరు మీకే చేస్తున్నారు. ప్రతి కొత్త వాయిదా అంటే, వచ్చే ఏడాది మీ జీతంలోంచి కొంత ముందే తీసేసుకోవడమే. నాలుగు వాయిదాలంటే, రేపు కెమెరా కొనాల్సిన మనిషి జీతంలో నాలుగో వంతు ఇవాళే ఖర్చయిపోయింది. ఆగినా ఏమీ మిగలదన్న మీ భయాన్ని ఈ కొనుగోళ్ళే నెలనెలా నిజం చేస్తున్నాయి.

మీరు రాసిన హుషారు సంగతి కూడా వింతేమీ కాదు. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల మీద వోల్ఫ్రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులతో చేసిన ప్రయోగాల్లో, పళ్ళరసం రాబోతోందని చెప్పే గుర్తు అలవాటయ్యాక, ఆ కణాలు రసం నోట్లో పడినప్పటికంటే ఆ గుర్తు కనిపించినప్పుడే చురుగ్గా స్పందించాయి. ఆర్డర్ పెట్టిన రాత్రి ఉత్సాహం ఉండి, వస్తువు వచ్చాక చల్లారిపోవడానికి ఇది కొంతవరకు కారణం. మీకు ఎక్కువ ఆనందం ఇస్తున్నది "రాబోతోంది" అన్న దశ. దీన్ని మీకు అనుకూలంగా వాడుకోవచ్చు, ఎలాగో కాసేపట్లో చెబుతాను.

ఇక మీరు అడిగిన కార్డుల ప్రశ్న. ఇచ్చేయవచ్చు. ఇస్తే ఖర్చు మొదటి నెలలోనే తగ్గుతుంది, అందులో నాకు సందేహం లేదు. మీ భార్యకి కూడా కొంత ఊపిరి ఆడుతుంది. కానీ ఆ రోజునుంచి ఆవిడ మీకు కాపలాదారు అవుతారు. చిన్న ఖర్చుకి కూడా మీరు అడగాలి, ఆవిడ ఒప్పుకోవాలి. అడగడం చిన్నతనంగా అనిపించిన రోజున తెలియకుండా ఇంకో కార్డు తీసుకునే ప్రమాదం ఉంది. అప్పు బయటపడితే వచ్చే గొడవ ఒక ఎత్తు, దాచిన అప్పు బయటపడితే వచ్చే గొడవ ఇంకో ఎత్తు. పైగా ఆగడమన్నది మీ చేతుల్లోంచి ఆమె చేతుల్లోకి పోతుంది, మీ మీద మీకు నమ్మకం రావడానికి అది ఏమాత్రం సాయపడదు. అయినా ఇదే దారి పట్టాలనుకుంటే, గడువు పెట్టుకుని ఇవ్వండి. వాయిదాలు తీరేదాకానో, ఆరు నెలలో. ప్రతి నెలా లెక్క చెప్పక్కర్లేని కొంత మొత్తం మీ చేతిలో ఉండాలని కూడా ముందే మాట్లాడుకోండి.

రెండో దారి, కార్డులు మీ దగ్గరే ఉంచుకుని, కొనడాన్ని కష్టం చేసుకోవడం. ఫోన్‌లో యాప్‌లు నిల్వ చేసుకున్న కార్డు వివరాలన్నీ తీసేయండి. ఆఫర్ల నోటిఫికేషన్లు ఆపేయండి. కొనేటప్పుడు డబ్బు అప్పటికప్పుడే ఖాతాలోంచి పోయే పద్ధతిలోనే కట్టండి. ఇవి చాలా చిన్న పనులుగా కనిపిస్తాయి. 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ విద్యార్థులతో బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకు వేలం పాడించారు. క్రెడిట్ కార్డుతో కట్టాలని చెప్పినవాళ్ళు, నగదు కట్టాలని చెప్పినవాళ్ళకంటే దాదాపు రెట్టింపు పాడారు. టికెట్ అదే, మనుషులూ ఒకే రకం, మారింది కట్టే పద్ధతి ఒక్కటే. ఇందాక చెప్పిన మిషెల్ కూడా తన ప్రయోగాల్లో గమనించింది ఇదే: మిఠాయి కళ్ళెదురుగా ఉన్నప్పటికంటే మూసి ఉంచినప్పుడు పిల్లలు చాలా ఎక్కువసేపు ఆగారు. బాగా ఆగినవాళ్ళు దాన్ని చూస్తూ పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నవాళ్ళు కారు. పాటలు పాడుకున్నారు, ఇంకేదో ఆడుకున్నారు. కాబట్టి కార్ట్‌లో వస్తువు పెట్టుకుని రోజూ చూస్తూ "నేను కొనను" అనుకోవడం మిమ్మల్ని మీరు హింసించుకోవడమే.

ఈ దారివల్ల నష్టమేమీ లేదు, ఇవాళే మొదలుపెట్టవచ్చు. కానీ ఇది ఒక్కటే చాలదు. తొందరపాటు కొనుగోళ్ళను ఇది ఆపుతుంది, ఆగితే దక్కుతుందన్న నమ్మకాన్ని మాత్రం తిరిగి తేలేదు.

ఆ నమ్మకం తెచ్చుకోవడానికి నాకు తెలిసింది ఒక్కటే మార్గం. చిన్న చిన్న వాటికోసం ఆగి, చివరికి వాటిని తప్పకుండా కొనుక్కోవడం. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నెల రోజులు ఆగే నియమం పెట్టుకుంటారు, నెల గడిచాక వస్తువు మీద ఇష్టం అలాగే ఉన్నా "ఇన్నాళ్ళు ఆగాను కదా, ఇంకెందుకులే" అని మానేస్తారు, డబ్బు మిగిలిందని సంతోషపడతారు. మిగతావాళ్ళ సంగతి ఎలా ఉన్నా మీకు ఇది చేటు చేస్తుంది. ఆగడమంటే వదులుకోవడమేనని మీ మనసుకి ఇంకోసారి రుజువు చూపించినట్టవుతుంది. అందుకని మీ నియమం ఇలా ఉండాలి: ఒక చిన్న వస్తువు, రెండు వారాల గడువు, దానికి డబ్బు పక్కన పెట్టేయడం. గడువు రోజున ఇంకా కావాలనిపిస్తే ఆ రోజే కొనాలి, వాయిదా వేయకూడదు. వద్దనిపిస్తే ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలపకుండా మీకిష్టమైన ఇంకోదానికి ఉంచుకోవాలి. ఇలా నాలుగైదుసార్లు గడిచాక గడువు పెంచండి. మొదటే ఆరు నెలల గడువు పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇప్పుడున్న స్థితిలో మీరది నిలబెట్టుకోలేకపోవచ్చు, అప్పుడు మళ్ళీ మీ స్వభావాన్నే తిట్టుకుంటారు.

ఇందాక సగంలో ఆపిన మాట ఇక్కడ పూర్తి చేస్తాను. ఎదురుచూడటంలోనే ఒక ఆనందం ఉంది. 1987లో జార్జ్ లోవెన్‌స్టైన్ అనే ఆర్థికవేత్త కొందరు విద్యార్థుల్ని ఒక సరదా ప్రశ్న అడిగారు: మీ అభిమాన సినిమా తార ముద్దు పెడుతుందంటే ఎంత ఇస్తారు, వెంటనే అయితే ఎంత, ఆలస్యంగా అయితే ఎంత? వెంటనే దొరికేదానికంటే మూడు రోజుల తర్వాత దొరికేదానికి వాళ్ళు ఎక్కువ ఇస్తామన్నారు. ఆ మూడు రోజులూ తలుచుకుంటూ గడపొచ్చు మరి. అయితే వస్తుందన్న ఖాయం ఉన్నప్పుడే ఎదురుచూపు తియ్యగా ఉంటుంది. మీ కెమెరా నెలల్లో ఆ తీపి మీకు దొరకలేదు, ఎప్పుడు ఎవరు అడుగుతారోనన్న టెన్షనే ఉండేదని మీ ఉత్తరంలో తెలుస్తోంది. కెమెరాకి తేదీ ఖాయమయ్యాక దాని గురించి చదవండి, వాడినవాళ్ళతో మాట్లాడండి, ఏం ఫొటోలు తీయాలో రాసుకోండి. ఆర్డర్ పెట్టిన ఒక్క రాత్రి దొరికే హుషారు కొన్ని నెలల పాటు దొరుకుతుంది, అదీ అప్పు లేకుండా.

ఖాయం చేసుకోవాలంటే ఆ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, దాని పేరే కెమెరా కావాలి, జీతం పడిన రోజునే అందులోకి దానంతటదే వెళ్ళిపోవాలి. జీతం పడిన రోజే ఎందుకంటే, డేవిడ్ లైబ్సన్ అనే ఆర్థికవేత్త 1997లో సూత్రబద్ధంగా చూపించినట్టు, మన నిర్ణయాల్లో ఈ క్షణానికి ఉండే బరువు చాలా ఎక్కువ. వచ్చే నెల సంగతైతే అందరం వివేకంగానే నిర్ణయిస్తాం, ఆ నెల వచ్చి ఎదురుగా నిలబడ్డప్పుడే మాట మారుతుంది. కాబట్టి నిర్ణయం ముందే జరిగిపోవాలి. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు ఖాతాదారులకు ఇలాంటి అవకాశం ఇచ్చి చూశారు. తామే పెట్టుకున్న తేదీ వచ్చేదాకా, లేదా తాము అనుకున్న మొత్తం చేరేదాకా డబ్బు తీయలేని ఖాతా అది. వడ్డీ ఏమీ ఎక్కువ లేదు. అయినా అడిగినవాళ్ళలో 28 శాతం మంది తీసుకున్నారు. ఈ ఖాతా తీసుకునే అవకాశం దొరికినవాళ్ళ పొదుపు ఏడాదిలో మిగతావాళ్ళకంటే బాగా పెరిగిందని నవా అష్రాఫ్, డీన్ కార్లన్, వెస్లీ యిన్ 2006లో రాశారు. తన చేతులు తానే కట్టేసుకోవడానికి ఇష్టపడేవాళ్ళు అంతమంది ఉన్నారు. మీరు దీన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు.

తాళం వేసిన ఖాతాకీ ఒక ఇబ్బంది ఉంది. నిజంగా ఆపద వస్తే ఆ డబ్బు అందదు, అప్పుడు మళ్ళీ అప్పే దిక్కవుతుంది. అందుకని కెమెరా ఖాతాకంటే ముందు, చిన్నదైనా సరే, ఆపద కోసం ఇంకో నిధి ఉండాలి. ఒక నెల తప్పనిసరి ఖర్చులకు సరిపడా అయితే చాలు, అదీ నెమ్మదిగానే.

ఇక అసలు కష్టమైన పని, ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం. ప్రతి నెలా ఇంటికి ఇంత పంపగలను, తమ్ముడి చదువుకి ఏడాదికి ఇంత ఇవ్వగలను అని ఒక మొత్తం అనుకుని చెప్పేయండి. "అడిగినప్పుడల్లా ఎంతుంటే అంత ఇచ్చేవాణ్ణి నాన్నా, ఇకనుంచి ఇది ఖాయంగా ఇస్తాను, ఇంతకు మించి మాత్రం ఇప్పుడు నావల్ల కాదు" అంటే చాలు, సంజాయిషీలు అక్కర్లేదు. వాళ్ళు నొచ్చుకోవచ్చు. పెళ్ళయ్యాక మారిపోయాడన్న మాట రావచ్చు, ఆ నింద మీ భార్య మీదికి వెళ్ళే అవకాశం కూడా ఉంది. కాబట్టి ఈ మాట మీరే చెప్పాలి, ఆవిడ లేనప్పుడు చెప్పాలి, నిర్ణయం మీదేనని తెలిసేలా చెప్పాలి. మాట్లాడకుండా వదిలేస్తే ఏమవుతుందో మీకు అనుభవమే: ఎంత దాచినా అది ఇంకొకరి అవసరానికి ఎదురుచూసే డబ్బే అవుతుంది, ఎవరూ అడగకముందే ఖర్చుపెట్టేయాలన్న తొందర మీలో అలాగే ఉంటుంది. మీ వాయిదాల కొనుగోళ్ళలో కొంత భాగం ఈ తొందరవల్లే జరిగిందని నాకు అనిపిస్తోంది. ఒకవేళ మీ ఇంటి పరిస్థితి నిజంగానే మీ జీతం మీదే నిలబడి ఉంటే, మొత్తం తగ్గించలేకపోవచ్చు. అప్పుడు కెమెరా తేదీ దూరం జరుగుతుంది, కానీ తేదీ అంటూ ఒకటి ఉంటుంది.

నాలుగు వాయిదాల సంగతి. కొత్తది తీసుకోకపోవడం మొదటి పని. క్రెడిట్ కార్డు మీద కనీస మొత్తం మాత్రమే కడుతూ మిగతాది అలాగే ఉంచేస్తుంటే, అన్నిటికంటే ముందు దాన్ని తీర్చండి. ఆ మిగతా బాకీ మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది, సాధారణంగా కొత్తగా కొన్నవాటికి దొరికే వడ్డీ లేని గడువు కూడా పోతుంది. అది లేకపోతే, వడ్డీ ఎక్కువున్నదాన్ని ముందు తీర్చడం లెక్క ప్రకారం లాభం, బాకీ తక్కువున్నదాన్ని ముందు తీర్చడం మనసుకి ఊరట. వడ్డీల్లో పెద్ద తేడా లేకపోతే మీకు నేను రెండోదే చెబుతాను, ఒకటి పూర్తిగా తీరిపోవడం మీరు చూడాలి. వడ్డీ లేని వాయిదాలే కదా అని ఏమరుపాటు వద్దు. ఫీజుల రూపంలోనో, వదులుకున్న తగ్గింపు రూపంలోనో ఖర్చు ఉండవచ్చు, ఒక్క వాయిదా తప్పితే జరిమానా ఉంటుంది. విప్పని పెట్టెల్లో వెనక్కి ఇచ్చే గడువు ఉన్నదుంటే ఇవాళే ఇచ్చేయండి, గడువు దాటిపోతే అమ్మేయండి.

ఒక వాయిదా తీరిన నెలనుంచే ఆ మొత్తంలో సగం కెమెరా ఖాతాకి వెళ్ళేలా ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి. మీ చేతికి వచ్చే డబ్బు తగ్గినట్టు అనిపించదు కాబట్టి ఇది బాధించదు. రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జీ అనే ఆర్థికవేత్తలు ఒక కంపెనీ ఉద్యోగుల దగ్గర, రాబోయే జీతం పెంపుల్లో కొంత పొదుపుకి పోయేలా ముందుగానే ఒప్పుకోమని అడిగారు. ఒప్పుకున్నవాళ్ళ పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగిందని 2004లో రాశారు. ఇవాళ్టి డబ్బు వదులుకోమంటే ఒప్పుకోనివాళ్ళు కూడా రేపటి పెరుగుదలలో వాటా ఇవ్వడానికి సులువుగా ఒప్పుకుంటారు.

అన్నిటికీ ఆగాలని మాత్రం అనుకోకండి. అరిగిపోయిన బూట్లు, పనికి కావలసిన పరికరం, ఒంట్లో బాగోకపోతే వైద్యం, పెద్దవయసువాళ్ళతో కలిసి చేయాలనుకున్న ప్రయాణం, ఇలాంటివి వాయిదా వేస్తే మిగిలేది నష్టమే. రాన్ కివెట్జ్, అనత్ కైనన్ అనే పరిశోధకులు 2006లో ఒక మంచి సంగతి గమనించారు. సుఖపడినందుకు కలిగే పశ్చాత్తాపం కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది, సుఖపడకుండా వదులుకున్నందుకు కలిగే పశ్చాత్తాపం మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుంది. మీ భార్య నోట్‌బుక్‌లో కూడా ఏళ్ళ తరబడి కదలని కోరిక ఏదైనా ఉందేమో అడిగి చూడండి. ఆగడం బాగా వచ్చినవాళ్ళు కొన్నిసార్లు కొనుక్కోవడం మర్చిపోతారు. ఇది ఆవిడని తప్పుపట్టడానికి అడగొద్దు, ఆమెకేం కావాలో మీకు తెలియడానికి అడగండి.

ఆవిడతో ఇంకో మాట కూడా మాట్లాడాలి. కెమెరా సంగతి పెళ్ళికి ముందుది. ఆవిడ చూసింది ఈ మూడేళ్ళ ఆర్డర్లనే, ఆ ఏడు నెలల్ని చూడలేదు. సైకిల్, ఫీజు, మరమ్మతులు, అన్నీ చెప్పండి. సమర్థించుకోవడానికి చెప్తున్నానని అనిపించకుండా, బాకీల పూర్తి లెక్క కాగితం మీద రాసి ముందు అది ఆమె చేతికివ్వండి, తర్వాత ఈ కథ చెప్పండి. ఏ దారి పట్టాలో, కార్డులు ఎవరి దగ్గర ఉండాలో ఆ తర్వాత ఇద్దరూ కలిసి తేల్చుకోండి. వచ్చే జీతం పడకముందే ఈ మాటలు అయిపోతే మంచిది.

ఇవన్నీ చేశాక కూడా ఆర్డర్లు ఆగకపోతే, ముఖ్యంగా వాటిని ఇంట్లో దాచాల్సి వస్తుంటే, దిగులుగా ఉన్నప్పుడో నిద్ర పట్టనప్పుడో చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్తుంటే, అది డబ్బు సర్దుబాటుతో తీరే విషయం కాదు. మనస్తత్వ నిపుణులు ఇలాంటి కొనుగోళ్ళ అలవాటుకి చికిత్స చేస్తారు, ఆలస్యం చేయకుండా వెళ్ళండి. ఈ మాట మీ భార్యకి ఇప్పుడే చెప్పి ఉంచండి. మూడు నెలల తర్వాత ఇద్దరూ కూర్చుని లెక్కలు చూసుకునేటప్పుడు, డబ్బుతో పాటు ఈ సంగతి కూడా అడగమనండి.